రిచర్డు బ్రైటు

మన సంఘ సంచికయందు ఆంగ్లేయ వైద్యుని చరిత్రమేల యని కొందరడుగవచ్చును. ఈయన కనుగొనిన వ్యాధి మన యిండ్లలోను గలదు గనుక వ్రాయ సాహసించితిని.

బ్రైటు 1789వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన బ్రిస్టలు పట్టణమున సంపన్నుడగు వర్తకుని యింట జన్మించెను. ఎడింబరోలో చదివి, 1810లో ఐస్లాండు ద్వీపమును దర్శించి, 1813లో వైద్యపట్టమును బడసెను. పిదప హంగేరీ దేశమున సంచరించి 1818లో యాత్రాగ్రంథమును ప్రకటించెను. 1820లో లండనునందలి గైస్ ఆసుపత్రిలో సహాయవైద్యుడై, 1824లో పూర్తి వైద్యుడయ్యెను. 1822లో వివాహమాడిన భార్య మరుసటి యేడే ప్రసవానంతరము మరణించినది.

ఆ కాలపు వైద్యులు ఒడలు వాచిన రోగిని జూచి వాపునే వ్యాధిగా నెంచెడివారు. మన సుశ్రుతాచార్యులు అశ్మరిని శస్త్రముచే దీయు విధానమును, ప్రమేహము యొక్క యిరువది భేదములను వివరించిరి. అది మనకు గర్వకారణమే. అయినను వాపునకును మూత్రపిండముల వికృతికిని గల సంబంధమును స్థాపించిన కీర్తి బ్రైటునకే చెల్లవలెను. వాచిన రోగులలో కొందరి మూత్రము కాచిన గడ్డకట్టునని ఇతనికి పూర్వులును గమనించిరి గాని, కారణ మెరుగరైరి. ఈయన చెంచాలో మూత్రము బోసి క్రొవ్వొత్తి మంటపై గాచెడివాడు; అది గ్రుడ్డు తెల్లసొనవలె పేరుకొనిన యెడల గుర్తు వ్రాసికొనెడివాడు. ఆ రోగి మరణించినచో దేహమును గోసి, మూత్రపిండములను బరీక్షించి, వెనుకటి వ్రాతతో సరిచూచెడివాడు. రసాయన పరీక్షలలో బోస్టాకు అను పండితుడు తోడ్పడెను. ఫలితములు వర్ణచిత్రములతో 1827లో వెలువడెను. 1836లో నూరుగురు రోగుల పట్టికను బ్రకటించెను. ఇట్టివారిలో హృదయము పెరుగుటయు ఈయన దృష్టిని దప్పలేదు. రక్తపు పోటును కొలుచు సాధనము అప్పటికి లేదు సుమా! 1842లో ఈ రోగులకై రెండు విభాగములలో 42 మంచములను ప్రత్యేకించిరి.

చికిత్స మాత్రము చేజిక్కలేదు. రక్తము దీయుట, విరేచనములు, స్నానములు, ఇంతియే. ముదిరిన వ్యాధి తన యౌషధములకు లొంగదని యెరిగియు ఈయన పరిశీలన మానలేదు. 1858 డిసెంబరు 16న హృద్రోగముచే కాలధర్మము నొందెను. రక్తమును శుద్ధిచేయు కృత్రిమ మూత్రపిండము 1943లో హాలండున కోల్ఫు చేతిలో రూపొందినది. ఒకరి మూత్రపిండమును మరియొకరి కమర్చుట 1954లో బోస్టనులో ఫలించినది.

మన శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున అనేక కుటుంబములు మూత్రపిండ వ్యాధిచే గుందుచున్నవి. అచ్చటి రోగులలో పెక్కురకు మొదట వాపుండదు. మూత్రమున ఆల్బుమినును స్వల్పమే. బ్రైటు చెంచా వారిని పట్టజాలదు. రక్తమున క్రియాటినిను కొలిపించుకొనినగాని తెలియదు.