బాంటింగు, ఆయన కుక్కలు

నవంబరు 14 మన పాఠశాలలలో బాలల దినోత్సవము. లోకమున ఆ దినమే మధుమేహ దినముగా కూడ జరుపబడుచున్నది. ఇన్సులినును కనుగొన్న ఫ్రెడరిక్ బాంటింగు 1891లో ఆ తేదీననే కెనడా దేశమున, ఆలిస్టన్ సమీపమున ఒక రైతు కుటుంబమున జన్మించెను.

మొదటి ప్రపంచయుద్ధమున గాయపడి తిరిగివచ్చి, కెనడాలోనే లండన్ అను పట్టణమున వైద్యము నారంభించెను. రోగులు అంతగా రాలేదు. 1920 అక్టోబరు చివర ఒక రాత్రి, క్లోమగ్రంథిని గూర్చిన వ్యాసము చదివిన పిమ్మట ఒక యూహ తట్టెను. క్లోమనాళమును కట్టివైచినచో జీర్ణరసమును పుట్టించు భాగము క్షీణించును. అప్పుడు చక్కెరను అదుపుచేయు రసము చెడకుండ లభింపవచ్చును. టొరంటో విశ్వవిద్యాలయమున మెక్లియాడ్ ఆచార్యుడు సందేహించుచునే ఆయనకు ఒక ప్రయోగశాలను, కొన్ని కుక్కలను, చార్లెస్ బెస్ట్ అను విద్యార్థిని ఇచ్చెను.

1921 మే నెలలో పని మొదలయ్యెను. తొలి వారములలోనే పెక్కు కుక్కలు చనిపోయెను. బాంటింగు శస్త్రము పట్టువాడు. బెస్టు రక్తము తీసి చక్కెరను కొలుచువాడు. జూలై 30న, క్లోమము తీసివేసిన 410వ సంఖ్య కుక్కకు రసమెక్కింపగా, నూరు ఘనసెంటీమీటర్ల రక్తమున 200 మిల్లీగ్రాములున్న చక్కెర గంటలో 120కి దిగెను. అయినను ఆ కుక్క బ్రతుకలేదు.

ఆగస్టులో 92వ సంఖ్య కుక్క వంతు వచ్చెను. అది పసుపువన్నె కోలీ జాతిది. క్లోమము లేకున్నను రసము బలమున లేచి తిరిగెను, నెలాఖరున మరణించెను. యుద్ధభూమిని చూచి వచ్చిన బాంటింగు ఆనాడు ఒంటరితనము కోరి కన్నీరు పెట్టెను. దానిని మరువజాలనని తరువాత తానే వ్రాసికొనెను. ఇది వైద్యునకు తగని బలహీనతయని కొందరనవచ్చును, నాకట్లు తోచదు.

ఒక విచిత్రమున్నది. నాళమును కట్టవలెనన్న మూలయూహయే అనవసరమని పిమ్మట తేలెను. కబేళానుండి తెచ్చిన పశువుల క్లోమమే చాలెను. కాలిప్ అను శాస్త్రజ్ఞుడు ఆ రసమును శుద్ధిచేసి, దాని బలమును కుందేళ్లపై పరీక్షించెను. 1922 జనవరి 11న, 14 ఏండ్ల లెనార్డ్ థాంప్సన్‌కు వేసిన మొదటి సూది అంతగా ఫలింపలేదు. 23వ తేదీన కాలిప్ శుద్ధిచేసిన మందు ఇయ్యగా, 520 ఉన్న చక్కెర 120కి దిగెను.

1923లో నోబెల్ బహుమతి బాంటింగు, మెక్లియాడులకు లభించెను. బాంటింగు తన ధనములో సగము బెస్టుకిచ్చెను. 1941 ఫిబ్రవరిలో న్యూఫౌండ్‌లాండున విమానము కూలి, 49 ఏండ్ల వయసున మరణించెను.

నాడు బెస్టు మాటిమాటికి రక్తము తీసి కొలిచిన చక్కెరను, నేడు చర్మము క్రింద అమర్చు చిన్న సెన్సారు కొద్ది నిమిషములకొకసారి తెలుపుచున్నది. గాజుపాత్రలో చక్కగా పనిచేసిన సెన్సారు చుట్టును సజీవ దేహము ఒక పొరను అల్లును. దానికి చక్కెరయు ప్రాణవాయువును అందుట తగ్గును. అందుచేత ఇవియు మనుష్యులకన్న ముందు జంతువులలో పరీక్షింపబడినవి. 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగమున, ఒక పంది దేహములో అమర్చిన సెన్సారు 520 దినములు పనిచేసెను.