రసాయనశాస్త్రం చెప్పిన ఆటగురువు

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థులకు కాలితో తన్నే గుండ్రని బంతి స్ఫురిస్తుంది. అమెరికా కళాశాలలలో ఆ పేరుతో ఆడే ఆట వేరు. అక్కడ బంతి కోలగా ఉంటుంది. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చు, ముందున్నవానికి విసరవచ్చు, బంతి పట్టినవానిని ఎదుటిపక్షంవారు పడగొట్టవచ్చు. పక్షానికి పదకొండుమంది. బంతిని ఎదుటివారి గీత దాటించడమే లక్ష్యం. దేహబలమే సర్వస్వమని తోచే ఆ ఆటలో బుద్ధిబలానికి పీట వేసినవారిలో అగ్రగణ్యుడు నూట్ రాక్నీ.

ఆయన 1888 మార్చి 4న నార్వే దేశంలోని వోస్ అనే ఊరిలో జన్మించినాడు. తండ్రి గుర్రపుబండ్లు తయారుచేసే పనివాడు. 1893లో చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు తన పనితనం చూపడానికి వెళ్ళి అక్కడే స్థిరపడగా, కుటుంబం ఆయనను చేరుకొన్నది. అప్పటికి బాలునికి అయిదేండ్లు. ఉన్నత పాఠశాల చదువు మధ్యలోనే ఆగిపోయినది. కొన్నేండ్లు చికాగో తపాలా కార్యాలయంలో పనిచేసి, జీతంలో మిగిల్చిన సొమ్ముతో 1910లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ పట్టణం చేరి, నోటర్ డేమ్‌లో ప్రవేశించినాడు. పేరుకు విశ్వవిద్యాలయమే గాని, ఆనాడది కేథలిక్ మతగురువులు నడిపే చిన్న విద్యాసంస్థ. రాక్నీ లూథరన్ మతస్థుడు. తోటి విద్యార్థులకంటె వయస్సులో పెద్ద.

1913 నవంబరు 1న ఈ చిన్న కళాశాల పక్షం వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయాన్ని 35-13 పాయింట్లతో ఓడించినది. గస్ డొరే బంతి విసరగా రాక్నీ పరుగెత్తుతూ అందుకొన్నాడు. ఆ వేసవిలో వారిరువురూ ఈరీ సరస్సు తీరాన ఇసుకలో సాధన చేసినదే ఈ విద్య. ముందుకు విసిరే పద్ధతిని వారే కనిపెట్టినారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది సరికాదు, 1906 నుంచే నిబంధనలు దానిని అనుమతించినవి. అందరి ఎదుటా ఉన్న ఆయుధాన్ని పదును పెట్టినది మాత్రం వీరు.

1914లో పట్టభద్రుడై రాక్నీ అక్కడనే రసాయనశాస్త్రం బోధించినాడు. కృత్రిమ రబ్బరుకు దారితీసిన పరిశోధనలు చేసిన జూలియస్ న్యూలాండ్ ఆయనకు గురువు. ఉదయం ప్రయోగశాల, సాయంకాలం ఆటస్థలం. 1918లో ఆటకు ప్రధాన శిక్షకుడైనాడు. పాఠం చెప్పేటప్పుడూ, ఆట నేర్పేటప్పుడూ ఆయన ఒక్క ఉపాధ్యాయుడే అని నా అభిప్రాయం. ఎవని అడుగు ఎక్కడ పడవలెనో, ఎంత సేపటికి పడవలెనో కొలిచి చెప్పేవాడు.

1924వ సంవత్సరాన్ని గురించి కొంత వివరంగా చెప్పవలె. మే 17న, కేథలిక్కులనూ వలసవచ్చినవారినీ ద్వేషించే కూ క్లక్స్ క్లాన్ సౌత్ బెండ్‌లో సభకు పూనుకొనగా, నోటర్ డేమ్ విద్యార్థులు వీధులలో వారిని ఎదిరించినారు. ఇండియానాలో ఆ సంఘానికి అప్పుడు గొప్ప పలుకుబడి. ఆ నెలలోనే, తూర్పు, దక్షిణ ఐరోపాల నుంచి వచ్చేవారి సంఖ్యను గట్టిగా కుదించే వలస చట్టం ఆమోదం పొందినది. (మన దేశీయులకు ఆ తలుపు 1917లోనే మూయబడినది.) ఐరిష్, పోలిష్, జర్మన్ కుటుంబాల పిల్లలు చదివే కళాశాల అది, వారి శిక్షకుడు స్వయంగా వలసవచ్చినవాడు. ఆ శరత్కాలంలో వారు ఆడినవి ఉత్త ఆటలుగా మిగలడం సాధ్యమా?

అక్టోబరు 18న న్యూయార్కులో వెస్ట్ పాయింట్‌పై 13-7తో గెలిచినారు. స్టూల్‌డ్రేయర్, మిల్లర్, క్రౌలీ, లేడెన్ అనే నలుగురిని పత్రికా రచయిత గ్రాంట్‌లాండ్ రైస్ బైబిలు ప్రకటన గ్రంథంలోని నలుగురు గుర్రపు రౌతులతో పోల్చినాడు. ఒక విద్యార్థి వారిని నిజంగానే గుర్రాలపై కూర్చుండబెట్టి ఛాయాచిత్రం తీయించగా, అది దేశమంతటా వ్యాపించినది. నలుగురూ తేలికపాటి దేహం గలవారే. వారికి దారి తీర్చిన మిగిలిన ఏడుగురికి కంచర గాడిదలన్న పేరు మిగిలినది! నాయకుడు ఆడమ్ వాల్ష్ ఆ ఏడుగురిలోనివాడు. ఆనాడు గాయపడిన చేతులతోనే ఆడినాడు. కీర్తి పంపకంలో ఇట్టి అన్యాయం మన సాహిత్యలోకానికీ కొత్త కాదు.

రాక్నీ మరొక ఉపాయం ప్రయోగించేవాడు. మొదట రెండవ శ్రేణి ఆటగాండ్రను దింపి, ఎదుటివారు కొంత అలసిన పిమ్మట అసలు పక్షాన్ని పంపేవాడు. రెండవ శ్రేణి పిల్లవానికి కూడ ఆటలో నిశ్చితమైన స్థానం దొరికినది.

నెబ్రాస్కా చేతిలో 1922లోనూ, 1923లోనూ వారు ఓడినారు. నవంబరు 15న సొంత మైదానంలో 34-6తో ఆ బాకీ తీర్చుకొన్నారు. 1925 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో స్టాన్‌ఫర్డ్‌తో చివరి ఆట. బంతిని ఎక్కువ దూరం నడిపినది స్టాన్‌ఫర్డ్ వారే. కాని వారు విసిరిన బంతిని లేడెన్ రెండుసార్లు నడుమనే అందుకొని, 78 గజాలు ఒకసారి, 70 గజాలు ఒకసారి పరుగెత్తి గీత దాటినాడు. 27-10తో నోటర్ డేమ్ గెలిచినది. పది ఆటలు, పది విజయాలు. సాధించినవి 285 పాయింట్లు, ఇచ్చినవి 54. ఆ కళాశాల జాతీయ విజేతగా గుర్తింపు పొందినది. ఆ యేడే నవంబరులో రాక్నీ కేథలిక్ మతం స్వీకరించినాడు.

1929లో కాలి సిరల వ్యాధితో చక్రాల కుర్చీలో కూర్చుండియే శిక్షణ ఇచ్చి మరల జాతీయ విజయం సంపాదించినాడు; 1930లోనూ అంతే. మొత్తంమీద 105 విజయాలు, 12 ఓటములు, 5 సమానాలు.

1931 మార్చి 31న కాన్సస్ రాష్ట్రంలోని బజార్ గ్రామం వద్ద, రెక్క విరిగి విమానం కూలగా, అందులోని ఎనిమిదిమందీ మరణించినారు. వారిలో రాక్నీ ఒకడు. వయస్సు నలుబది మూడు. కొయ్య రెక్కల విమానాలపై నమ్మకం ఆనాటితో సడలి, లోహ విమానాల నిర్మాణం త్వరితమైనది. సౌత్ బెండ్‌లో జరిగిన అంత్యక్రియలకు నార్వే రాజు హాకన్ తన ప్రతినిధిని పంపినాడు. శవపేటికను మోసినవారు 1930 పక్షంలో ఆడిన ఆరుగురు విద్యార్థులు.