ఆడబిడ్డ మొగుడు ఏం వరస?

2025 అక్టోబరు 2తో తమిళనాడులోని ధర్మపురి జిల్లాకు అరవై నిండాయి. 1965లో సేలం నుంచి వేరుపడింది, 2004లో కృష్ణగిరి చేత వేరుకాపురం పెట్టించింది, ఇప్పుడు షష్టిపూర్తి పీటల మీద కూర్చుంది. షష్టిపూర్తి అంటే మళ్లీ పెళ్లే కదా. పెళ్లి మాట వచ్చాక మన పెద్దవాళ్లు ముహూర్తం కంటే ముందు అడిగేది వరస. అందుకే ఈ జిల్లా మీద అక్షింతలు వేస్తూ నేనూ ఒక వరస తేల్చుకుందామనుకుంటున్నాను.

ఇక్కడి తుంబలహళ్లి అనే ఊరి పేరే చూడండి. చివర ఉన్న హళ్లి కన్నడం. బోర్డు మీది అక్షరాలు తమిళం. ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో అన్నానికి రమ్మని కేకేసేది తెలుగులో. పిల్లలు బడిలో తమిళం రాసుకొచ్చి, ఇంట్లో తెలుగులో గిల్లికజ్జాలు పెట్టుకుంటారు. ఇలా మూడు భాషలు కలిసిన ఈ జిల్లా జనం తెల్లవార్లూ ఒక్కచోట కూర్చునేది ద్రౌపదమ్మ గుడి ముందు, భారతం నడిచే రోజుల్లో.

చిత్తూరు వైపు ధర్మరాజుల గుడి తెలియనివాళ్లు ఉండరు. ఆ తిరునాళ్లే ఇక్కడా. ఎండాకాలంలో, పొలం పనులు తెరిపిన పడ్డాక, ఊరికి కుదిరిన రోజు చూసి జెండా ఎక్కిస్తారు, కంకణాలు కడతారు. యుద్ధం పద్దెనిమిది రోజులు జరిగింది కాబట్టి చాలాచోట్ల ఉత్సవమూ పద్దెనిమిది రోజులే. పగలు అక్కడ హరికథ, ఇక్కడ విల్లిపుత్తూరార్ తమిళ భారతం చదివి అర్థం చెప్పడం. రాత్రి అక్కడ వీధినాటకం, ఇక్కడ తెరుక్కూత్తు. అవే భుజకీర్తులు, అదే పెద్ద కిరీటం, తెర వెనక నుంచి పాడుకుంటూ వేషం దిగడమూ అదే. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ములని ఎవరైనా పోల్చుకుంటారు.

అయితే కవిత్రయ భారతం చదువుకున్నవాళ్లు ఇక్కడి కథలో ఒకచోట తడబడక తప్పదు. పాండవులకు ఒక చెల్లెలు ఉందంటారు! యుద్ధంలో గెలవడానికి కావలసిన ఆయుధాలు, పూజా సామగ్రి పోతురాజు దగ్గర ఉన్నాయట. అడిగితే ఇచ్చే రకం కాదు. కృష్ణుడు తాను ముసలమ్మ వేషం కట్టి, అర్జునుణ్ణి కన్నెపిల్లలా ముస్తాబు చేసి వెంటబెట్టుకు వెళ్లాడు. పోతురాజు పిల్లను చూసి మనసు పారేసుకున్నాడు, అడిగినవన్నీ చేతిలో పెట్టేశాడు. మోసం తెలిసి వెంటపడితే, పాండవులు తమ చెల్లెల్ని ఇచ్చి పెళ్లి చేసి శాంతపరిచారు. అప్పట్నుంచి ద్రౌపదమ్మ గుడి కావలి అతనిదే.

మన పల్లెల్లో పోతురాజు ఎవరు? అమ్మవార్ల తమ్ముడు. ఇక్కడి కథలో ద్రౌపదికి ఆడబిడ్డ మొగుడు. పైకి చూస్తే పొసగవు. మన వరసల లెక్క వేయండి. ఆడబిడ్డ మొగుడు ఆ ఇంటి కోడలికి అన్నో తమ్ముడో అవుతాడు. అంటే పోతురాజు చుట్టూ తిరిగి, మళ్లీ అమ్మవారి తోబుట్టువు వరసలోనే వచ్చి కూర్చున్నాడు! దీన్ని ఏ పండితుడో పుస్తకం ముందేసుకుని కుదిర్చాడంటే నేను నమ్మను. వరస తప్పి కథ చెబితే ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు ఊరుకోరు, అంతే.

ద్రౌపదమ్మ గుడికి రెండో కావలివాడు ముత్తాల రావుత్తన్, ముస్లిం. రావుత్తన్ అంటే మన రౌతే. బెంగళూరులో చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే ద్రౌపదమ్మ కరగ ఊరేగింపు కూడా తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగాకే ముందుకు కదులుతుంది. ద్రౌపదమ్మ చుట్టరికాలు చిన్నవి కావు.

ఈ తిరునాళ్లలో అర్జున తపస్సు మాత్రం దగ్గర నిలబడి చూడాలి. నిలువునా పాతిన మాను, దానికి మెట్లుగా అడ్డకర్రలు. వేషగాడు ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడుతూ ఎక్కుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్లు తడిచీరలతో కాచుకుని ఉంటారు. పైకి చేరాక అతను విభూతి, పూలు, నిమ్మకాయలు విసురుతాడు. ఒక నిమ్మకాయ ఒకామె కొంగులో పడుతుంది. గబగబా ముడి వేసుకుని, పక్కవాళ్ల వంక కూడా చూడకుండా వెళ్లిపోతుందామె. షష్టిపూర్తి సభల్లో శాలువాలు పంచే పెద్దలకు నా మనవి ఒకటుంది. ఒక శాలువా ఆ మాను దిగి వచ్చే మనిషికి దాచండి. ఇంకొకటి తెల్లవార్లూ మద్దెల వాయించినవాడికి. నా అభినందనలు మొదట వాళ్లకే.

చివరి రోజు దుర్యోధనుడి వంతు. ఊరి బయట నేల మీద మట్టితో అతణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. పెద్ద విగ్రహం, కోరమీసం, తొడలో ఎర్రనీళ్లు. భీముడి గద పడుతుంది. నిండు సభలో అవమానం జరిగిన నాటి నుంచి విరబోసుకున్న జుట్టును ద్రౌపది ఆ ఎరుపుతో తడిపి ముడి వేసుకుంటుంది. తర్వాత నిప్పుల గుండం. యజ్ఞగుండంలో పుట్టిన ఆమెకు నిప్పు పుట్టిల్లే. సముద్రం దాటినవాళ్లూ దీన్ని వదల్లేదు. 1827లో వెలసిన సింగపూర్ మారియమ్మ గుడిలో ఏటా దీపావళికి ముందు ద్రౌపదమ్మ పేరనే నిప్పులు తొక్కుతారు.

గద దెబ్బ పడగానే జనం మట్టి దుర్యోధనుడి మీదికి ఎగబడతారు. ఆ మట్టి గాదెలో వేస్తే ధాన్యానికి కొదవ ఉండదని నమ్మకం. సూదిమొన మోపేంత నేల కూడా ఇవ్వనన్న ఆ మారాజు ఒంటి మట్టి కొంగుల్లో, తువ్వాళ్లలో, ఒక పిల్లాడి టోపీలో ఇంటింటికీ పోతుంది.