రంగం రేవులో చెమట.. జగన్నాథపురంలో చదువు

యానాం నుంచి కాకినాడ బస్సెక్కితే తాళ్ళరేవు, కోరంగి, చొల్లంగి దాటాక జగన్నాథపురం వస్తుంది. అక్కడ బడి గోడ మీద, కాలేజీ గేటు మీద ఎం.ఎస్.ఎన్. అన్న మూడక్షరాలు కనిపిస్తాయి. అది ఒక దాత పేరని అందరికీ తెలుసు. ఆ దాత ఓడల సరుకు మోసి, మోయించి, గడించిన సొమ్మును పిల్లల చదువుకు రాసిచ్చాడన్న సంగతి మాత్రం ఈ తరంలో చాలామందికి తెలియదు. ఆయన మల్లాడి సత్యలింగం నాయకర్. ఆయన పుట్టిన కోరంగి మన యానాం పొలిమేర దాటితే కూతవేటు దూరమే.

పని తెలిసిన తీరం

1840 ప్రాంతంలో ఓ పేద అగ్నికుల క్షత్రియ కుటుంబంలో సత్యలింగం పుట్టారు. అప్పటికే కోరంగి దెబ్బ మీద దెబ్బ తిని ఉంది. 1789లో ఒక ఉప్పెన, మళ్ళీ 1839 నవంబరులో పెను తుపాను. గోదావరి పాయ మేట వేసింది. పెద్ద ఓడలు రావడం తగ్గి, వర్తకం మెల్లగా కాకినాడకు జరిగిపోయింది.

రేవు చితికింది గానీ జనానికి పనితనం పోలేదు. ఓడలు కట్టే వడ్రంగులు, తెరచాప ఎత్తే కళాసీలు, పడవ నడిపే తండేళ్ళు, పదిమంది చేత పని చేయించే సరంగులు ఈ చుట్టుపక్కల ఊళ్ళ నిండా ఉండేవాళ్ళు. తాళ్ళరేవులో ఆ తర్వాత కూడా చాలాకాలం కొయ్య ఓడలు కట్టారు. తాడు ముడి ఎలా వెయ్యాలి, కప్పీ ఎలా లాగాలి, పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అన్నది ఇక్కడి కుర్రాడు బడి మొహం చూడకుండానే నేర్చేసుకునేవాడు. చేతిలో పని ఉంది, ఆ పనికి కూలి ఇచ్చేవాడే ఊళ్ళో లేడు.

యానాం పరిస్థితీ అంతే. 1828, 29 ప్రాంతంలోనే ఇక్కడి కూలీలను ఫ్రెంచివాళ్ళు ఓడ ఎక్కించి రీయూనియన్ దీవికి పంపారు. పొట్ట చేత పట్టుకుని సముద్రం దాటడం మన తీరానికి కొత్త కాదు.

అక్కడ గిరాకీ

1852 యుద్ధంతో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. ఐరావతి డెల్టాలో వరి సాగు ఏటేటా పెరిగింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరోపాకు దారి దగ్గరైంది. రంగూన్ రేవు ఓడలతో కిటకిటలాడింది. మరి వాటిలో బియ్యం బస్తాలు ఎక్కించేదెవరు? బర్మా రైతుకు తన పొలం ఉంది. రేవులో దిగే మనుషులు కావాలి. కాకినాడ, విశాఖ, భీమిలి నుంచి స్టీమర్లు వేలాదిమంది తెలుగువాళ్ళను అక్కడికి చేర్చాయి. ఏ ఊరివాడైనా సరే, బర్మావాళ్ళు అందర్నీ కోరంగీలనే పిలిచారు. మనవాళ్ళు రంగూన్‌ని రంగం అన్నారు.

ఆ జనంలోనే సత్యలింగం కూడా రంగం చేరారు. మామూలు కూలీగా మొదలై, చివరకు స్టీవ్‌డోర్ అయ్యారు. అంటే ఓడల్లో సరుకు ఎక్కించి దించే కాంట్రాక్టరు. ఈ పనిలో కిటుకు ఉంది. ఓడ రేవులో ఒక్క రోజు ఎక్కువ ఆగినా కంపెనీకి నష్టమే. ఓడ అడుగున బస్తాలు సరిగా పేర్చకపోతే సముద్రంలో ఓడ ఒరుగుతుంది. ఎన్ని జట్లు దించాలి, కప్పీ దగ్గర ఎవర్ని పెట్టాలి, లోపల పేర్చేవాళ్ళు ఎవరు అన్న లెక్క తెలిసినవాడికే కాంట్రాక్టు దక్కుతుంది. సత్యలింగానికి ఓడా తెలుసు, ఓడెక్కి వచ్చిన ఊరివాళ్ళూ తెలుసు. కంపెనీకి ఏం కావాలో, మనవాళ్ళకు ఏం చేతనవునో రెండూ ఎరిగిన మనిషి కాబట్టే కూలీగా దిగినవాడు లక్షాధికారి అయ్యాడు.

ఈ కూలీ వ్యవస్థకు చీకటి కోణమూ ఉంది. ఊళ్ళో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలి డబ్బుల్లో కోత తప్పేది కాదు. వేలిముద్ర వేసేవాడికి తన లెక్క తాను చూసుకునే వీలు ఎక్కడిది? కండబలం, పనితనం ఉన్నా అక్షరం ముక్క రాక ఎన్ని కుటుంబాలు అప్పుల్లో మునిగాయో.

వీలునామాలో చదువు

రంగంలో సంపాదించిన డబ్బుతో సత్యలింగం గోదావరి జిల్లాలో భూములు కొన్నారు. 1912లో వీలునామా రాశారు. 1915లో కన్నుమూశారు. ఆస్తి మీద వచ్చే ఆదాయం దైవకార్యాలకు, అన్నదానానికి, చదువుకు వెళ్ళాలన్నది ఏర్పాటు. దాంతోనే ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ వెలిసింది. కులంతో పని లేకుండా పేద పిల్లలు చదువుకునే బడులు జగన్నాథపురంలో నడిచాయి. తర్వాత కాలేజీ వచ్చింది, పీజీ సెంటర్ వచ్చింది. ఆ రోజుల్లో డబ్బున్నవాళ్ళు గుళ్ళు, సత్రాలు కట్టించడం మామూలే. రేవు పనిలో ఎదిగిన మనిషి చదువుకు ఇంత రాసివ్వడం మాత్రం అరుదు.

ఆయన పోయాక రంగం కథ అడ్డం తిరిగింది. 1930 మేలో రేవు కూలీలైన తెలుగువాళ్ళు జీతం పెంచమని సమ్మె చేస్తే, కంపెనీలు బర్మా కూలీలను దించాయి. సమ్మె తీరి మనవాళ్ళు పనికి రాగానే గొడవలు రేగి వందమందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక వేలాదిమంది అడవుల్లో నడిచి ఇంటిదారి పట్టారు. ఒకే రేవు, ఒకే పని మీద బతికిన జనానికి ఆ రేవు మూసుకుపోతే ఏమవుతుందో ఈ తీరం అప్పుడు చూసింది.

ఇప్పుడు మన సంగతి

అదే పాఠం యానాంకు 2012 జనవరిలో మళ్ళీ ఎదురైంది. గొడవల తర్వాత రీజెన్సీ సెరామిక్స్ మూతపడితే, దాన్నే నమ్ముకున్న కుటుంబాలు రోడ్డున పడ్డాయి. టైల్స్ పని తప్ప వేరే పని నేర్వనివాళ్ళు దిక్కులు చూశారు.

కాకినాడ యాంకరేజి రేవులో నేటికీ బార్జీల మీదే బియ్యం ఓడలకు చేరుతోంది. పక్కనే 1997లో మొదలైన లోతు రేవులో క్రేన్లు, కంప్యూటర్లు. అక్కడికి క్రేన్ ఆపరేటరు, వెల్డరు, ఎలక్ట్రీషియను, సరుకు లెక్క రాసేవాడు కావాలి. యానాం కుర్రాడి చిక్కు ఇక్కడే ఉంది. అతని చదువు, సీట్లు, సర్కారీ ఉద్యోగాల లెక్క ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరితో. పని ఇచ్చే రేవు, ఫ్యాక్టరీలు మాత్రం పక్క రాష్ట్రంలో, బస్సులో గంట ప్రయాణంలో. డిగ్రీ చేతికొచ్చాక ఏం పని దొరుకుతుందో బడిలో చెప్పేవాళ్ళు లేరు, ఏం పని కావాలో రేవువాళ్ళు బడికి వచ్చి చెప్పరు.

సత్యలింగం నాయకర్ ఊరి పనితనాన్ని రేవు అవసరంతో ముడిపెట్టి ఎదిగారు. పోతూ పోతూ చదువుకు డబ్బు ఇచ్చారు. ఆ చదువునూ రేవు పనినీ కలిపే బాధ్యత తర్వాతివాళ్ళది. ఏటా ఒక్కసారైనా యానాం విద్యాశాఖ, కాకినాడ రేవు, చుట్టుపక్కల ఫ్యాక్టరీలవాళ్ళు ఒకచోట కూర్చుని వచ్చే ఏడాది ఏ పనికి ఎంతమంది కావాలో లెక్క రాసుకుంటే, ఏ కోర్సులో ఎన్ని సీట్లు పెట్టాలో తేలిపోతుంది. ఓడ వచ్చేలోపు జట్లు కట్టుకోవడం కోరంగి మనిషికి నూటయాభై ఏళ్ళ కిందటే తెలుసు.