వెలుగునీడల సాధకుడు పి.టి. రెడ్డి

రంగులు పుష్కలంగా ఉన్నంత మాత్రాన చిత్రానికి ప్రాణం రాదు. ఒకే వర్ణంతో, దాని ఛాయాభేదాలతో ముఖాన్ని రూపించగలిగిన వానికే రంగుల మర్మం తెలుస్తుంది. నుదుటిపై పడిన వెలుగు, కనుగుంటలోని చీకటి, చెక్కిలి మలుపులో ఆ రెండింటినీ కలిపే నడిమి ఛాయ - వీటి తారతమ్యం తప్పితే ఎంత వన్నెగల చిత్రమైనా పలకవలె చదునుగా ఉండిపోతుంది. ఈ క్రమశిక్షణతో ఆరంభించి ఆధునిక చిత్రకళకు చేరిన తెలంగాణ చిత్రకారులలో పాకాల తిరుమలరెడ్డిగారు ముఖ్యులు.

ఆయన 1915 జనవరి 4వ తేదీన కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లెలో జన్మించారు. గోదావరికి ఆవలి దరిని నిర్మల్, ఖానాపూర్‌ల సీమ పొనికి కొయ్య బొమ్మలకు పేరుపడినది. తెలంగాణ నకాషీ పటాలలో గీత స్పష్టత, రంగు నిండుదనం ప్రధానం. వెలుగునీడలతో గుండ్రదనం చూపడం వేరొక విద్య. దానిని రెడ్డిగారు బొంబాయి సర్ జె.జె. కళాపాఠశాలలో అభ్యసించారు. అటువంటి విద్యాలయాలలో విద్యార్థి మొదట బొగ్గుకడ్డీ పట్టి పోతవిగ్రహాలను, తరువాత సజీవమైన ముఖాలను చిత్రించవలసి ఉండేది. రంగులకు ఆ పిమ్మటనే చోటు. 1939లో ఆయన డిప్లొమా పొందారు.

గురువులు నేర్పిన దానితో ఆయన తృప్తి పడలేదు. 1941లో మజీద్, భోపలే, కులకర్ణి, బాప్టిస్టాలతో కలిసి సమకాలీన భారతీయ చిత్రకారుల బృందాన్ని బొంబాయిలో నెలకొల్పారు. సుప్రసిద్ధమైన ప్రోగ్రెసివ్ చిత్రకారుల సంఘం పుట్టినది 1947లో. అంతకు ఆరేండ్ల ముందే ఒక తెలంగాణ యువకుడు కొత్తదారి వెదకినాడన్నమాట.

కాని చిత్రాలు అమ్మి బ్రతుకగల రోజులు కావవి. హైదరాబాదులో జీవిక కోసం ఆయన కుర్చీలు, బల్లలు మొదలైన కొయ్యసామాను వ్యాపారం సాగించవలసి వచ్చింది. కుంచె కొంతకాలం వెనుకబడింది. ఇట్టి విరామం అనేకుల కళను శాశ్వతంగా మింగివేస్తుంది. రెడ్డిగారు మాత్రం తిరిగి కుంచె పట్టారు. తాంత్రిక సంకేతాలతో వర్ణచిత్రాలు రచించారు, కొయ్యను చెక్కారు, లోహఫలకాలపై గీతలు గీచి ముద్రాచిత్రాలు తీశారు. నలుపు సిరాతో తీసే ముద్రలో రంగు చేయూత ఉండదు. ఆనాటి వెలుగునీడల విద్యయే అక్కడ ఆధారం. ఆయన సహధర్మచారిణి యశోదారెడ్డిగారు తెలంగాణ పలుకుబడిని కథలలో నిలిపిన విదుషీమణి.

1996 అక్టోబరు 21న రెడ్డిగారు కన్నుమూశారు. రంగులపెట్టె కొనలేని విద్యార్థికి ఆయన తొలి అభ్యాసం ధైర్యమిస్తుంది. ఒక బొగ్గుముక్క, ఒక కాగితం, ఎదుట ఒక ముఖం, చూచే ఓపిక - చిత్రకళకు మొదటి మెట్టు ఇంతే.