బాయ్‌కాట్: మాటగా మిగిలిన మనిషి

సర్వీసులో ఉన్న రోజుల్లో మనలో బాయ్‌కాట్ అనే మాట వాడని వారు అరుదు. సమావేశం బాయ్‌కాట్, విధులు బాయ్‌కాట్! బహిష్కరించడం అని దాని అర్థం. అయితే అది ఒక మనిషి ఇంటిపేరు అని ఎందరికి తెలుసు?

చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ 1832లో ఇంగ్లండులోని నార్ఫోక్‌లో జన్మించాడు. కొంతకాలం సైన్యంలో పనిచేసి ఐర్లండులో స్థిరపడ్డాడు. అక్కడివారు ఆయనను కెప్టెన్ అనేవారు. మేయో జిల్లాలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటుగా చేరాడు. కౌలు వసూలు చేయడం, కట్టనివారిని వెళ్లగొట్టడం ఆయన ఉద్యోగం. చిన్న తప్పుకూ జరిమానా వేస్తాడని పేరు తెచ్చుకున్నాడు.

పంటలు దెబ్బతిన్న ఆ రోజుల్లో, 1880లో, రైతులు కౌలులో 25 శాతం తగ్గించమన్నారు. భూస్వామి 10 శాతానికి మించనన్నాడు. సెప్టెంబరులో ఖాళీ చేయమంటూ నోటీసులు బయలుదేరాయి. అన్యాయం చేసినవారిని కొట్టవద్దు, వారితో మాటామంతీ మానేయండి అన్నది అప్పటి రైతు ఉద్యమ నాయకుడు పార్నెల్ బోధ. ఊరు అదే చేసింది. పనివాళ్లు మానేశారు. కొట్లవాళ్లు సరుకు ఇవ్వలేదు. ఉత్తరాలు తెచ్చేవాడూ రాలేదు. పొలంలో పంట నిలిచిపోయింది.

నవంబరులో వేరే జిల్లాల నుంచి 50 మంది వచ్చి పంట కోశారు. వారికి కాపలాగా సుమారు వెయ్యి మంది సైనికులు, పోలీసులు! సుమారు 500 పౌన్ల పంటకు 10,000 పౌన్లు ఖర్చయిందని అప్పటి అంచనా. ఆ ఏడాది చివరికే బాయ్‌కాట్ ఐర్లండు విడిచాడు. ఆ ఊరి చర్చి ఫాదర్ ఓమాలీ, పల్లె జనానికి నోరు తిరిగే మాట కావాలని, ఈ పనికి ఆయన పేరే పెట్టాడని చెబుతారు. వారాల్లోనే లండన్ పత్రికలకూ ఎక్కింది. 1881లో వచ్చిన భూచట్టం న్యాయమైన కౌలు నిర్ణయించే కోర్టును ఏర్పరచింది. బాయ్‌కాట్ 1897లో ఇంగ్లండులో మరణించాడు.

ఆ మాట మన దేశానికీ వచ్చింది. 1905లో విదేశీ వస్తువులపైన, 1928లో సైమన్ కమిషన్‌పైన మనవారు అదే ఆయుధం పట్టారు.

వెలివేయడం మన ఊళ్లకు కొత్త కాదు. కాని అది తరచు బలవంతులు బలహీనులకు వేసిన శిక్ష. ఐర్లండు రైతులు దానిని తిరగవేశారు. కర్ర ఎత్తకుండా, కలిసికట్టుగా నిలబడి గెలిచారు. సంఘంలో బతికిన మనకు ఆ విలువ ఒకరు చెప్పాలా?