బొచ్చుతోళ్ల వర్తకుడి కొడుకు

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవారిలో గుంటూరు, గోదావరి ప్రాంతాల నుంచి వచ్చినవారు ఎందరో. వారి ఇంట్లో ఒకరైనా అమెరికాలో ఉంటారు. అక్కడ మేనమామ ఉన్నాడంటే చాలు, పిల్లవాణ్ణి పంపడానికి మనకు సగం ధైర్యం వచ్చేస్తుంది. రెండు వందల ఏళ్ల క్రితం జర్మనీలో ఒక కుటుంబం కూడా ఇలాగే ఆలోచించింది. ఆ కుటుంబం పంపిన పిల్లవాడే తర్వాత మన గుంటూరు చేరాడు. ఆయనే ఫాదర్ హయ్యర్.

హెల్మ్‌స్టెట్ పట్టణంలో ఆయన తండ్రి బొచ్చుతోళ్ల వర్తకుడు. చలిదేశంలో ఆ తోళ్లతో చేసిన దుస్తులకు మంచి గిరాకీ. కలిగిన కుటుంబం. 1793 జూలై 10న పుట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ కూడా ఆ దుకాణంలోనే స్థిరపడేవాడేమో! కానీ నెపోలియన్ యుద్ధాలు యూరప్‌ను కుదిపేస్తున్న రోజులవి. 1807లో, చర్చిలో కన్ఫర్మేషన్ పొందిన కొడుకును తల్లిదండ్రులు అమెరికాలోని ఫిలడెల్ఫియాకు, మేనమామ దగ్గరకు పంపేశారు. మేనమామదీ అదే వృత్తి. బొచ్చుతోళ్లు, టోపీలు.

పని నేర్చుకోవడానికి వెళ్లిన కుర్రవాడిని దేవుడు మరో పనికి పిలిచాడు. వేదాంతం చదివాడు. 1815లో జర్మనీ వెళ్లి గోటింగెన్ విశ్వవిద్యాలయంలోనూ చదువుకున్నాడు. 1819లో ఇద్దరు పిల్లలున్న ఒక వితంతువును పెళ్లి చేసుకున్నాడు. 1820లో బోధకుడిగా అభిషేకం పొంది, చెదిరి ఉన్న జర్మన్ వలస కుటుంబాలను సంఘాలుగా కూర్చాడు.

1839లో భార్య మేరీ మరణించింది. రెండేళ్లకే, 1841 అక్టోబర్ 14న, పిల్లలను అమెరికాలోనే విడిచి ఆయన బోస్టన్‌లో ఓడ ఎక్కాడు. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. ఈనాడు మనం ఒక్క రోజులో చేసే ప్రయాణానికి ఆయనకు తొమ్మిది నెలలకు పైగా పట్టింది. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన తొలి మిషనరీగా 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు.

అప్పటికి నందన కరవు గడిచి పదేళ్లు. గుంటూరు సీమలో లెక్కలేనంతమందిని పొట్టనపెట్టుకున్న కరవు అది. కలెక్టర్ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. హయ్యర్ బడులు తెరిచాడు. కొన్నేళ్లకే ఆరోగ్యం దెబ్బతిని అమెరికా తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ ఆయన విశ్రాంతి తీసుకోలేదు. జబ్బుపడ్డ జనానికి ప్రార్థనతోపాటు మందూ కావాలని గుంటూరులో కళ్లారా చూసినవాడు కదా! యాభై దాటిన వయసులో కుర్రవాళ్ల పక్కన కూర్చుని వైద్యం చదివి, 1847లో బాల్టిమోర్‌లో డాక్టర్ పట్టా పొందాడు. మళ్లీ గుంటూరు వచ్చి, 1849లో పల్నాడులోని గురజాలకు వెళ్లి అక్కడ పరిచర్య చేశాడు.

1857లో అమెరికా వెళ్లి మిన్నెసోటాలో సంఘాలు కట్టాడు. 1869లో రాజమండ్రి మిషన్‌ను నడిపేవారు లేక మరో సంస్థకు అప్పగించబోతున్నారని తెలిసింది. వెళ్తానని ముందుకు వచ్చింది యువకుడు కాదు, డెబ్బయి ఆరేళ్ల హయ్యర్! అబ్రాహాము హారాను విడిచింది డెబ్బయి అయిదేళ్లకు. రాజమండ్రి పనిని నిలబెట్టి 1871లో తిరిగి వెళ్లాడు. కుర్రవాడిగా కాలుమోపిన ఫిలడెల్ఫియాలోనే 1873 నవంబర్ 7న కన్నుమూశాడు. పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్స్‌లో భార్య సమాధి పక్కనే ఆయన్ని ఉంచారు.

ఆ తర్వాత గుంటూరులో 1885లో కళాశాల వెలసింది. అదే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది. ఇవేవీ ఆయన చూడలేదు.

తల్లిని పోగొట్టుకున్న పిల్లలకు తండ్రీ దూరమయ్యాడన్న బాధ ఈ కథలో ఉంది. దాన్ని మనం కప్పిపుచ్చనక్కర్లేదు. సేవకుడు ఇచ్చే అర్పణలో సగం అతని ఇంటివారిదే. మన మందిరాల్లో మిషనరీల పేర్లు తలచుకునేటప్పుడు ఆ పిల్లలను కూడా తలచుకోవడం న్యాయం.

నలభై దాటితే కొత్త టెక్నాలజీ ఒంటబట్టదని, ఉద్యోగం పోతే జీవితమే ముగిసిందని ఈ ఐటీ కారిడార్‌లో దిగులుపడేవారు చాలామంది. పిల్లలకు ఫ్లాటో, ప్లాటో మిగల్చాలన్న ఆరాటం మనందరిదీ. హెల్మ్‌స్టెట్ వర్తకుడు కొడుక్కి దుకాణం ఇవ్వలేకపోయాడు. కొత్త చోట కొత్త పని మొదలుపెట్టే అవకాశం మాత్రం ఇచ్చాడు. ఆ కొడుకు దాన్ని డెబ్బయి ఆరేళ్ల దాకా వాడుకున్నాడు. దేవుని చేతిలో పెట్టిన ఏ వయసూ ఆలస్యం కాదు. ఆ నమ్మకాన్ని మన పిల్లలకు ఇవ్వగలిగితే, అంతకు మించిన ఆస్తి లేదు.